పేరు పలక కోసం ఒక రంపం: స్క్రోల్ సా ఎంచుకోవడం ఎలా?

మనలో చాలామందికి మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారుతుంది. క్వార్టరు మారుతుంది, బడి మారుతుంది, స్నేహితులు మారతారు. గుమ్మం పక్కన తగిలించే పేరు పలక మాత్రం మనతోనే రావచ్చు. దాన్ని బజారులో రాయించకుండా, తెలుగు అక్షరాలను మనమే చెక్కలో కోసి తగిలిస్తే? కొత్త ఊళ్లో పక్కింటివాళ్లకు అవి చదవడం రాకపోవచ్చు. కానీ "ఇది ఏ భాష?" అని తప్పకుండా అడుగుతారు. పలకరింపు అక్కడే మొదలవుతుంది.

ఈ పనికి సరిపోయే యంత్రం స్క్రోల్ సా. ఇది చవకైన వస్తువు కాదు. బదిలీ అయిన ప్రతిసారీ సామానుతో పాటు మోసుకెళ్లాలి కూడా. అందుకే అమ్మానాన్నలను అడిగే ముందు ఏమేం చూసుకోవాలో మేము ఇక్కడ వివరిస్తున్నాం.

స్క్రోల్ సా అంటే ఏమిటి?

కుట్టు మిషను గుర్తు తెచ్చుకోండి. సూది ఉన్నచోటనే పైకీ కిందికీ ఆడుతుంది, మనం బట్టను తిప్పుతాం. స్క్రోల్ సా కూడా అంతే. ఇనుప బల్ల మధ్యలో సన్నని బ్లేడు నిలువుగా ఆడుతూ ఉంటుంది, మనం చెక్కను తిప్పుతాం. ఎన్ని వంపులున్నా కోయవచ్చు.

దుకాణంలో అడిగితే కొన్నిసార్లు జిగ్ సా చూపిస్తారు. అది వేరు. దాన్ని చేత్తో పట్టుకుని చెక్క మీద నడిపిస్తారు. దాని బ్లేడు వెడల్పుగా ఉంటుంది. పెద్ద ప్లైవుడ్ షీట్లు కోయడానికి అది మంచిదే, కానీ రెండంగుళాల అక్షరం చుట్టూ అది తిరగలేదు.

అన్నిటికంటే ముందు బ్లేడు పట్టే తీరు

చాలామంది మోటారు బలం గురించి అడుగుతారు. మేము మాత్రం బ్లేడును ఎలా బిగిస్తారో ముందు చూడమంటాం. ఎందుకో తెలియాలంటే మన అక్షరాలనే చూడాలి.

ఇంగ్లీషు 'ఎల్', 'టి' కోయాలంటే అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగితే చాలు. మన 'ర' పొట్టలో మూసుకుపోయిన ఖాళీ ఉంది. సున్నలోనూ ఉంది. ఈ లోపలి ఖాళీని అంచు నుంచి కోయలేం. ముందు అందులో డ్రిల్లుతో చిన్న రంధ్రం చేయాలి. బ్లేడు పై కొసను విప్పి, ఆ రంధ్రంలోంచి దూర్చి, మళ్లీ బిగించి అప్పుడు కోయాలి. ఒక్క పేరులోనే ఈ పని ఐదారుసార్లు చేయాల్సి రావచ్చు.

బ్లేడులు రెండు రకాలు. ఒక రకానికి రెండు కొసల్లోనూ అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది. తగిలించడం సులువే, కానీ ఆ పిన్ను పట్టాలంటే రంధ్రం పెద్దగా ఉండాలి. చిన్న అక్షరమైతే 'ర' పొట్ట మొత్తం ఆ రంధ్రానికే సరిపోతుంది. రెండో రకానికి పిన్ను ఉండదు, కొసలు సాదాగా ఉంటాయి. రెండు మిల్లీమీటర్ల రంధ్రం చాలు. కాబట్టి తెలుగు అక్షరాలు కోయాలనుకుంటే పిన్ను లేని బ్లేడును పట్టే యంత్రమే తీసుకోవాలి. పానా అవసరం లేకుండా వేళ్లతోనే విప్పి బిగించే మర ఉంటే ఇంకా మంచిది.

మిగిలినవి

లోతు: బ్లేడు నుంచి వెనుక స్తంభం దాకా ఉండే దూరం ఇది. ఇంటి వాడకానికి 16 అంగుళాలు, అంటే సుమారు 40 సెంటీమీటర్లు సరిపోతుంది. అక్షరాలను విడివిడిగా కోసి పలక మీద అంటిస్తే అంత కూడా అక్కర్లేదు.

వేగం: వేగాన్ని తగ్గించి పెంచే మీట తప్పనిసరి. చాలా యంత్రాల్లో బ్లేడు నిమిషానికి సుమారు 400 నుంచి 1600 సార్లు ఆడేలా మార్చుకోవచ్చు. నేర్చుకునేటప్పుడు నెమ్మదిగా నడపాలి. యాక్రిలిక్ లాంటి ప్లాస్టిక్‌ను వేగంగా కోస్తే అది కరిగి మళ్లీ అతుక్కుంటుంది.

బరువు: బరువైన పోత ఇనుము యంత్రం తక్కువగా వణుకుతుంది, గీత శుభ్రంగా వస్తుంది. కానీ బదిలీలో దాన్ని మోసేదెవరు? మధ్యస్థమైన బరువున్నది తీసుకుని, గట్టి బల్లకు బోల్టులతో బిగించుకోవడం మనకు తగిన దారి. దాని అట్టపెట్టెను, లోపలి థర్మోకోల్‌ను మాత్రం పారేయకండి.

కరెంటు: చిన్న స్క్రోల్ సా మోటారు సుమారు 100 వాట్లే తింటుంది. సీలింగు ఫ్యానుకంటే కొంచెం ఎక్కువ, అంతే. మామూలు ప్లగ్గు చాలు. అయితే అమెరికాలో ఉన్న బాబాయి పంపిస్తానంటే తొందరపడకండి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది.

యంత్రానికి ముందు చేతి రంపం

ఇదంతా చదివి వెంటనే యంత్రం కొనమని మేము చెప్పడం లేదు. ముందు చేతి ఫ్రెట్ సా తీసుకోండి. ధరలో యంత్రానికి ఇది ఏ మూలకూ రాదు. పొడవాటి 'యు' ఆకారపు చట్రం, దానికి ఒక పిడి, సన్నని బ్లేడు, అంతే. కరెంటు వద్దు, పెద్ద చప్పుడు లేదు, ట్రంకు పెట్టెలో ఒక మూల పడి ఉంటుంది. యంత్రానికి వాడే 5 అంగుళాల సాదా బ్లేడులే దీనికీ సరిపోతాయి. రేపు యంత్రం కొన్నా మిగిలిన బ్లేడులు వృథా కావు. దీంతో ఒక పేరు పలక పూర్తిచేశాక కూడా ఆసక్తి ఉంటే అప్పుడు యంత్రం అడగండి.

4 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో మొదలుపెట్టండి. బ్లేడు పళ్లు కిందికి చూసేలా బిగించాలి. చెక్క మందంలో ఎప్పుడూ కనీసం రెండు మూడు పళ్లు ఉండేంత సన్న పళ్ల బ్లేడు ఎంచుకోవాలి. లేకపోతే చెక్క ఎగిరెగిరి పడుతుంది.

జాగ్రత్తలు

పెద్దవాళ్లు పక్కన లేకుండా యంత్రాన్ని ఆన్ చేయకండి. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు తీసేయాలి, స్విచ్చి ఆపితే చాలదు. వేళ్లు బ్లేడుకు పక్కన ఉండాలి, ఎదురుగా కాదు. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు పెట్టుకోండి, ప్లైవుడ్ పొట్టు ఊపిరితిత్తులకు మంచిది కాదు. చున్నీ, వదులు చేతులు, విరబోసిన జుట్టు వద్దు.

అక్షరం నేర్పే రంపం

మనలో కొందరు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయమంటే తడబడతారు. అలాంటివారికి ఈ పని మంచి గురువు. చెక్క మీద గీసేటప్పుడు 'వ'కు తలకట్టు ఒంటికి అంటుకుని ఉందని, 'ప'కు విడిగా ఉందని కనిపిస్తుంది. కోశాక 'ప' తలకట్టు ఊడి చేతిలోకి వస్తుంది, దాన్ని వెతికి పలక మీద దాని చోట అంటించాలి. 'స', 'హ' కూడా అంతే. ఒకసారి అలా అంటించినవాళ్లు మళ్లీ 'ప'ను 'వ' అని రాయరు.

కాబట్టి ఈ సెలవుల్లో మీ ఇంటి పేరును కాగితం మీద రెండంగుళాల ఎత్తున రాయండి. అందులో మూసుకున్న ఖాళీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మీకు ఎలాంటి రంపం కావాలో ఆ లెక్కే చెబుతుంది.