నగర డిజిటల్ నమూనాలలో భిన్న దత్తాంశాల అనుసంధానం: దిల్‌సుఖ్‌నగర్ – ఎల్.బి.నగర్ ప్రాంత పరిశీలన

కీలకపదాలు: నగర డిజిటల్ నమూనా, దత్తాంశ అనుసంధానం, సరూర్‌నగర్ చెరువు, సిటీజీఎంఎల్, వరద అంచనా.

1. ఉపోద్ఘాతం

2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదు తూర్పు ప్రాంతంలో కుంభవృష్టి కురిసింది. ఘట్‌కేసర్ పరిసరాలలో 30 సెంటీమీటర్లకు పైగా వర్షపాతం నమోదైంది. సరూర్‌నగర్ చెరువు నిండి పొంగగా, దిగువనున్న కోదండరాంనగర్ వంటి కాలనీలు నీట మునిగాయి. ఏ వీధికి ఎంత నీరు చేరుతుందో ముందుగా చెప్పాలంటే వర్షపాతం, చెరువు నీటిమట్టం, నాలాల మార్గం, ఇళ్ల గడపల ఎత్తు ఒకేచోట కలవాలి. వాటిని కలిపే సాధనమే నగర డిజిటల్ నమూనా. ఆ కలయికలో ఎదురయ్యే చిక్కులను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. దత్తాంశ మూలాల వైవిధ్యం

ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం 2007 వరకు వేర్వేరు పురపాలక సంఘాలు. ఆ ఏడాది అవి గ్రేటర్ హైదరాబాద్ మహానగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. రెవెన్యూ పటాలు సర్వే నంబరును, పురపాలక పన్నుల దస్త్రాలు ఇంటి నంబరును ఆధారం చేసుకుంటాయి. ఒకే స్థలానికి రెండు గుర్తింపులు ఉన్నందున వాటి మధ్య సంబంధ పట్టికను నిర్మించడం తొలి మెట్టు.

3. ఎత్తుల సమన్వయం

ఉపగ్రహ స్థాననిర్ణయ పరికరాలు భూమి ఆకారానికి గణితపరంగా కల్పించిన దీర్ఘగోళం నుండి ఎత్తును కొలుస్తాయి. ఇంజనీరింగ్ పటాలు సగటు సముద్రమట్టం నుండి లెక్కిస్తాయి. హైదరాబాదులో ఈ రెండింటి మధ్య తేడా 70 మీటర్లకు పైమాటే. ఇంత పెద్ద దోషం వెంటనే కంటబడుతుంది. అర మీటరు దోషం కనబడదు. కాని గడప దాటే నీటికి, దాటని నీటికి మధ్య తేడా అంతే.

4. కాలం, అర్థం

అమీర్‌పేట – ఎల్.బి.నగర్ మెట్రో మార్గం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. అంతకుముందరి ఉపరితల కొలతలలో ఈ వంతెన ఉండదు. తరువాతి లేజర్ కొలతలలో వంతెన పైభాగమే నేలగా నమోదయ్యే ప్రమాదముంది. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మీదుగా సాగే రహదారి పొడవునా నమూనాలో ఒక గోడ నిలిచి, లేని అడ్డుకట్ట వల్ల నీరు ఆగినట్లు లెక్క తేలుతుంది. కనుక వంతెనను నేల నుండి వేరుచేసి, దాని కింద నీరు పారగలదని నమోదు చేయాలి.

ఈ విభజనకు సిటీజీఎంఎల్ ప్రమాణం తోడ్పడుతుంది. 2008లో వెలువడి, 2021లో మూడవ రూపాంతరం పొందిన ఈ ప్రమాణం భవనం, వంతెన, జలాశయం, భూతలాలను వేర్వేరు తరగతులుగా నిర్వచిస్తుంది. అయితే స్లాబుల కింద కప్పివేసిన నాలా ఉపగ్రహ చిత్రంలో కనిపించదు. దానికి క్షేత్ర పరిశీలనే శరణ్యం.

5. ముగింపు

నమూనా విలువ త్రిపరిమాణ చిత్రాల అందంలో లేదు. ప్రతి అంశానికి మూలం, కొలిచిన తేదీ, దోష పరిమితి జతచేయడంలో ఉంది. అవి లేని నమూనా మునిగే ఇంటిని సురక్షితమని చూపగలదు. వరదకాలంలో ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది దిగువ కాలనీల నివాసులే.