జాపత్రి డివిడెండ్, తేజీ మందీ బేరం

1610లో డచ్ ఈస్టిండియా కంపెనీ వాటాదారులకు తొలి డివిడెండుగా ఇవ్వజూపింది డబ్బు కాదు, జాపత్రి. కంపెనీ పుట్టింది 1602లో. ఏళ్లు గడుస్తున్నా లాభం పంచడం లేదని ఇసాక్ లె మేర్ అనే పెద్ద వాటాదారు 1609లో అర్జీ పెట్టాడు. మరుసటి ఏడాది కంపెనీ దిగివచ్చి, పెట్టిన సొమ్ములో 75 శాతం విలువకు సరిపడా జాపత్రి తీసుకోమంది. ఆ తర్వాత మిరియాలు, కొద్దిగా నగదు ఇస్తామంది. ఊరందరి చేతికీ ఒకేసారి జాపత్రి వస్తే కొనేదెవరు? చాలామంది వద్దన్నారు. ఈ కథలో మన తీరానికీ పాత్ర ఉంది. జాపత్రి పండే దీవుల్లో బేరం కుదరాలంటే మన కోరమాండల్ తీరపు గుడ్డలు కావాలి. డచ్చివారు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నది ఆ గుడ్డల కోసమే.

అంతకన్నా పాత లెక్క ఫ్రాన్సులో ఉంది. టులూజ్ పట్టణంలో గరోన్ నది మీద తిరిగే బజాకల్ పిండిమరలు 1372లోనే వాటాదారుల సంస్థగా ఏర్పడ్డాయి. వాటాల మీద ఫలం చాలాకాలం ధాన్యం రూపంలోనే అందేది. తర్వాత మరల చోట కరెంటు ఉత్పత్తి మొదలైంది. 1946లో విద్యుత్ సంస్థల జాతీయీకరణతో ఆ కంపెనీ ముగిసింది.

*

"30 శాతం డివిడెండ్" అని పేపర్లో చదివి సంబరపడే ముందు ఒక మాట. మన దేశంలో ఆ శాతం లెక్కగట్టేది షేరు ముఖ విలువ మీద, మార్కెట్ ధర మీద కాదు. ఎమ్మారెఫ్ షేరు ముఖ విలువ 10 రూపాయలు. 2023 జూన్‌లో దాని ధర లక్ష దాటింది. ఆ కంపెనీ ఇచ్చే 30 శాతం మధ్యంతర డివిడెండ్ అంటే షేరుకు అక్షరాలా మూడు రూపాయలు. చూడాల్సింది రాబడి శాతం, అంటే ఏడాది డివిడెండును నేటి ధరతో భాగిస్తే వచ్చేది.

అదైనా నమ్మదగ్గదేనా అంటే, ఒక్కోసారి కాదు. రాబడి శాతం రెండు విధాలుగా పెరుగుతుంది: డివిడెండ్ పెరిగితే, లేదా ధర కూలితే. 2022-23లో వేదాంతా షేరుకు మొత్తం 101 రూపాయల 50 పైసలు పంచింది. ధరతో పోలిస్తే కళ్లు చెదిరే రాబడి. మాతృసంస్థ అప్పుల భారం మోస్తున్న కాలమది. పంచిన సొమ్ములో మూడింట రెండొంతులకు పైగా వెళ్లింది ప్రమోటర్లకే. డబ్బు ఎందుకు పంచుతున్నారన్నది ఎంత పంచుతున్నారన్నంత ముఖ్యమని నాకు అనిపించేది ఇలాంటి చోటే.

ప్రభుత్వరంగ సంస్థలకైతే పంచక తప్పదు. కేంద్రం 2024 నవంబరులో సవరించిన మార్గదర్శకాల ప్రకారం అవి నికర లాభంలో 30 శాతం గానీ, నికర విలువలో 4 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది కనీస డివిడెండుగా ఇవ్వాలి. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఎన్‌ఎండీసీ కూడా ఈ కోవలోదే.

*

అమెరికా మదుపరి బెంజమిన్ గ్రాహం పేరు చెప్పగానే అందరికీ ఆయన పుస్తకాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం వాషింగ్టన్ ఆఫీసులో ఫైళ్లు తిరగేస్తున్న మనిషి కనిపిస్తాడు. 1926లో ఆయన పైప్‌లైన్ కంపెనీల లెక్కల కోసం అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్‌కు వెళ్లాడు. రాక్‌ఫెల్లర్‌కు చెందిన స్టాండర్డ్ ఆయిల్ 1911లో ముక్కలైనప్పుడు పుట్టిన చిన్న కంపెనీల్లో నార్తర్న్ పైప్‌లైన్ ఒకటి. షేరు ధర 65 డాలర్లు, డివిడెండ్ 6 డాలర్లు. చూడ్డానికి మామూలు డివిడెండ్ షేరే. ఫైల్లో కనిపించింది వేరు: ఆ కంపెనీ దగ్గర షేరుకు సుమారు 95 డాలర్ల విలువైన బాండ్లు వగైరా ఊరికే పడి ఉన్నాయి. అంటే 65 పెడితే 95 చేతికొచ్చి, నడుస్తున్న వ్యాపారం ఉచితంగా వచ్చినట్టు. ఈ లెక్కలు ప్రభుత్వ కార్యాలయంలో ఎవరైనా చూడొచ్చు. చూసినవాడు ఒక్కడు.

ఆయన షేర్లు కొని, ఆ సొమ్ము వాటాదారులకు పంచమని యాజమాన్యాన్ని అడిగాడు. కుదరదన్నారు. 1927 జనవరిలో పెన్సిల్వేనియాలోని ఆయిల్ సిటీకి వార్షిక సమావేశం కోసం వెళితే, అక్కడున్నవాళ్లంతా కంపెనీ ఉద్యోగులే. ఆయన ప్రతిపాదనను బలపరిచే గొంతు ఒక్కటీ లేక అది మూలన పడింది. గ్రాహం ఏడాదంతా వాటాదారుల మద్దతు కూడగట్టి, మరుసటి జనవరిలో బోర్డులో రెండు సీట్లు గెలిచాడు. చివరికి షేరుకు 70 డాలర్లు పంచక తప్పలేదు. డేవిడ్ డాడ్‌తో కలిసి ఆయన 'సెక్యూరిటీ అనాలిసిస్' ప్రచురించింది దీని తర్వాత, 1934లో. విలువకూ ధరకూ మధ్య ఉండాల్సిన ఎడం గురించి ఆయన రాసిన దాని వెనక ఇంత తిరుగుడు ఉంది.

*

ఆప్షన్లు అమెరికా నుంచి వచ్చిన కొత్త సరుకని చాలామంది అనుకుంటారు. బొంబాయి వర్తకులు అంతకు చాలా ముందే తేజీ, మందీ అన్న పేర్లతో ఇదే బేరం ఆడేవారు. తేజీ అంటే నేటి కాల్, మందీ అంటే నేటి పుట్. సెక్యూరిటీల ఒప్పందాల నియంత్రణ చట్టం 1956లో షేర్ల మీద ఆప్షన్లను నిషేధించింది. ఆ నిషేధం 1995 దాకా నిలిచింది. ఎన్‌ఎస్‌ఈలో నిఫ్టీ ఆప్షన్లు 2001 జూన్‌లో, విడి షేర్ల ఆప్షన్లు జులైలో మొదలయ్యాయి. అమెరికాలో షికాగో ఆప్షన్ల ఎక్స్ఛేంజి 1973 ఏప్రిల్ 26న తెరుచుకున్నప్పుడు ఉన్నవి 16 కంపెనీల కాల్‌లు మాత్రమే. తొలిరోజు 911 కాంట్రాక్టులు చేతులు మారాయి. పుట్‌లు రావడానికి 1977 దాకా పట్టింది.

కాల్ అమ్మడమంటే స్థలానికి బయానా పుచ్చుకోవడం లాంటిది. గడువులోగా రేటు ఎంత పెరిగినా మాటిచ్చిన ధరకే రాసివ్వాలి. కొనేవాడు రాకపోతే బయానా మనది. ఒక్కటే తేడా, స్థలం కొంటే బయానా ధరలో కలుస్తుంది, ఆప్షన్ ప్రీమియం కలవదు.

పుట్ అమ్మినవాడు ఇచ్చే మాట దీనికి తిరగేసి ఉంటుంది: ధర పడితే ఒప్పుకున్న రేటుకు నేను కొంటాను. మనదగ్గర 2019 అక్టోబరు నుంచి షేర్ల ఆప్షన్లన్నిటికీ అసలు షేర్లే ఇచ్చిపుచ్చుకోవాలి. పుట్ అమ్మాక గడువు చివరి రోజున (ఎక్స్‌పైరీ) ధర ఒప్పుకున్న రేటు (స్ట్రైక్) కన్నా కిందుంటే కాంట్రాక్టులోని షేర్లు (లాట్) మొత్తం కొనాల్సిందే. ఆ ధరకు ఆ కంపెనీని ఎలాగూ కొనాలనుకున్నవాడికి, కొనడానికి పూర్తి డబ్బు పక్కన ఉన్నవాడికి ఇది సబబైన పని. ప్రీమియం కోసమే అమ్మేవాడికి కాదని గట్టిగా చెబుతాను.

వారెన్ బఫెట్ మొదటి రకం. కోకాకోలా మీద 1993లో సుమారు 35 డాలర్ల స్ట్రైక్‌కు పుట్‌లు అమ్మి, షేరుకు డాలరున్నర చొప్పున తీసుకున్నాడు. ఆయన కంపెనీ బెర్క్‌షైర్ దగ్గరున్న కోక్ షేర్లన్నీ కొనడానికి మొత్తం అయిన ఖర్చు 130 కోట్ల డాలర్లు. వాటి మీద 1994లో 7.5 కోట్ల డాలర్ల డివిడెండ్ వస్తే, 2022లో 70.4 కోట్లు వచ్చింది. ఇంతగా డివిడెండ్లు అందుకునే బెర్క్‌షైర్, బఫెట్ చేతికి వచ్చాక తన వాటాదారులకు డివిడెండ్ ఇచ్చింది ఒక్కసారే, 1967లో, షేరుకు 10 సెంట్లు.

2004 నుంచి 2008 దాకా ఆయన నాలుగు దేశవిదేశీ సూచీల మీద దీర్ఘకాల పుట్‌లు అమ్మి 490 కోట్ల డాలర్లు పుచ్చుకున్నాడు. 2008 ఆఖరుకు వాటి బాకీ పుస్తకాల్లో వెయ్యి కోట్ల డాలర్లకు చేరింది. అయినా ఆయన నిద్రపోగలిగాడంటే కారణం షరతులే: ఆ ఆప్షన్లు చివరి రోజునే చెల్లుతాయి, ధర పడినప్పుడల్లా మార్జిన్ (హామీ సొమ్ము) తెమ్మని అడిగే హక్కు అవతలివాళ్లకు దాదాపు లేదు. మన డీమ్యాట్ ఖాతాకు అలాంటి షరతులు ఎవరూ ఇవ్వరు. ఆయన్ని చూసి వాత పెట్టుకునేవారు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

మార్జిన్ మీద ఆప్షన్లు అమ్మడం ఎక్కడిదాకా పోతుందో సింగపూర్‌లో బేరింగ్స్ బ్యాంకు ట్రేడర్ నిక్ లీసన్ చూపించాడు. జపాన్ నిక్కీ సూచీ కదలదని నమ్మి కాల్‌లు, పుట్‌లు రెండూ కలిపి అమ్మాడు. 1995 జనవరి 17న కోబె భూకంపం వచ్చింది. పడిన సూచీని లేపాలని ఫ్యూచర్లు కొంటూ పోయాడు. నష్టం 82.7 కోట్ల పౌండ్లు. 1762లో మొదలైన ఆ బ్యాంకు ఒక్క పౌండుకు అమ్ముడైంది.

మన స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో చెప్పిన లెక్క కూడా ఉంది. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లు ఆడిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే.

*

అమెరికాలో షేర్లు చేతిలో పెట్టుకుని వాటి మీద కాల్ అమ్మినవారికి డివిడెండ్ హక్కు తెగే తేదీకి (ఎక్స్-డేట్) ముందురోజు గండం. అక్కడి షేర్ల ఆప్షన్లను ఎప్పుడైనా వాడుకోవచ్చు కాబట్టి, కొన్నవాడు సరిగ్గా ఆ రోజు షేర్లు లాగేసుకుని డివిడెండ్ తాను తీసుకోవచ్చు. మనదగ్గర 2011 జనవరి నుంచి కొత్త కాంట్రాక్టులు చివరి రోజునే చెల్లేలా మార్చారు. ఆ బాధ తప్పింది.

ఇంట్లో తాతల నాటి షేరు కాగితాలు ఉన్నవారికి ఒక సమాచారం. వరుసగా ఏడేళ్లు డివిడెండ్ ఎవరూ తీసుకోకపోతే ఆ సొమ్ముతో పాటు షేర్లు కూడా ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు వెళ్లిపోతాయి. పోయినట్టు కాదు. ఆ నిధి వెబ్‌సైట్లో పేరుతో వెతకొచ్చు. ఐఈపీఎఫ్-5 ఫారం నింపి, వారసత్వ పత్రాలు జతచేసి, కంపెనీ నోడల్ అధికారికి పంపితే తిరిగి అడిగి తీసుకోవచ్చు.