రక్తపిశాచి కథలో హంతకుడెవరు?

కుప్పంలో ఒక సాహిత్య సమావేశంలో చారిత్రక అపరాధ పరిశోధక నవల గురించి మాట్లాడాను. హత్య, జబ్బు, రక్తపిశాచి భయం మూడూ కలిసిన నవలలంటే నాకు ఇష్టం. అభ్యుదయ విమర్శకుడికి ఇదేం రుచి అని మిత్రులు ఎగతాళి చేస్తుంటారు. ప్రసంగం అయ్యాక ఒక ఎం.ఏ. విద్యార్థి లేచి, ‘దెయ్యం చివరిదాకా దెయ్యంగానే ఉంటే తప్పేముంది సార్?’ అన్నాడు. అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు ప్రయత్నిస్తాను.

నేనుండేది మదనపల్లెలో. ఊరికి దగ్గర్లోని ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం వెలిసింది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుక్కొనేదాకా ఆ జబ్బును చంపే మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, అంతే. మనిషి పాలిపోతాడు, చిక్కి శల్యమవుతాడు, దగ్గితే నెత్తురు పడుతుంది. ఒకరి వెనక ఒకరుగా ఇంట్లోవాళ్ళు పోతారు. పోయినవాడే వచ్చి మిగిలినవాళ్ళ నెత్తురు పీలుస్తున్నాడని జనం అనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రపు ఎక్సెటర్ పల్లెలో అలాగే అనుకున్నారు. బ్రౌన్ అనే రైతు భార్య, పెద్ద కూతురు క్షయతో పోయారు. 1892 జనవరిలో పందొమ్మిదేళ్ళ మెర్సీ పోయింది. కొడుకు ఎడ్విన్ మంచం పట్టాడు. పోయిన ముగ్గురిలో ఎవరో అతన్ని తింటున్నారని ఇరుగుపొరుగు పట్టుబట్టారు. తండ్రికి నమ్మకం లేదు, అయినా ఒప్పుకున్నాడు. మార్చి 17న శవాలను బయటికి తీశారు. తల్లీ అక్కా ఎముకలై ఉన్నారు. రెండు నెలలు గడ్డకట్టే చలిలో ఉన్న మెర్సీ శరీరం చెడలేదు, గుండెలో నెత్తురుంది. ఇది సహజమేననీ, ఊపిరితిత్తుల్లో క్షయ గుర్తులున్నాయనీ డాక్టరు చెప్పినా ఎవరూ వినలేదు. గుండె, కాలేయం కాల్చి, బూడిద నీళ్ళలో కలిపి ఎడ్విన్ చేత తాగించారు. మే నెలలో అతనూ పోయాడు. రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించి అప్పటికి పదేళ్ళు.

ఈ ఉదంతంలో నన్ను వదలనిది ఆ తండ్రి. నమ్మని మనిషి ఎందుకు ఒప్పుకున్నాడు? ఊరితో బతకాలి గనక. నవలాకారుడికి వస్తువు అక్కడుంది. బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ (1897) ఆ కాలపుదే. 1832లో ఐర్లండులోని స్లైగోలో కలరా బీభత్సాన్ని చూసిన తల్లి అతనికి ఆ కథలు చెప్పింది. నవలకొచ్చేసరికి ఆ భయం కోరలున్న పరదేశపు ప్రభువు రూపమెత్తింది. కథ రక్తి కట్టింది, ఊరు మాత్రం కనిపించదు.

బేతాళ కథలను 1870లో ఇంగ్లీషులోకి తెచ్చిన రిచర్డ్ బర్టన్ బేతాళుణ్ణి రక్తపిశాచి అన్నాడు. మన బేతాళుడు నెత్తురు తాగడు, పాపం ఎవరిదో తేల్చమంటాడు. నా లెక్కన మన తొలి అపరాధ పరిశోధకుడు అతనే!

తర్వాత తర్వాత ఆ ప్రశ్న పోయి భయం మిగిలింది. యండమూరి ‘తులసిదళం’ మీద రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని పుస్తకమే రాశారు. ఆ కోపం న్యాయమైనదని నా అభిప్రాయం. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల పళ్ళు ఊడగొట్టారు, ప్రాణాలు తీశారు. అపరాధ పరిశోధనలో ఆధారాలు ముందు, నేరస్థుడు తర్వాత. చేతబడి నిందలో నేరస్థురాలు ముందే ఖాయం. ఆధారాలు తర్వాత వెతుకుతారు. నవల చివర దెయ్యం నిజమే అని తేలితే నింద వేసినవాళ్ళదే గెలుపు.

అలాగని ప్రజల నమ్మకాలన్నిటినీ ఒకే గాటన కట్టే రచయితతోనూ నాకు పేచీ ఉంది. పుంగనూరులో సుగుటూరు గంగమ్మకూ, కుప్పంలో తిరుపతి గంగమ్మకూ జాతర జరుగుతుంది. బిడ్డకు అమ్మవారు పోస్తే మొక్కుకునే తల్లి వేరు, పక్కింటి ముసలమ్మ చూపు తగిలిందని కర్ర తీసే మనిషి వేరు. మొదటిది దిక్కులేనితనం. రెండోదాని వెనక చాలాసార్లు పొలం గట్టో, పాత బాకీయో ఉంటుంది.

ఆ విద్యార్థి సరిహద్దు పల్లెలో జరిగే నవల ఒకటి మొదలుపెట్టాడట. జ్వరాలొచ్చి పిల్లలు పోతారు, ఒంటరి ముసలామె మీద నింద పడుతుంది. దెయ్యం సంగతి తర్వాత చూద్దువుగానీ, ముందు ఆమె రెండెకరాల పక్కన ఎవరి భూమి ఉందో రాయమని కబురు చేశాను. మొదటి అధ్యాయం తిరగరాస్తున్నానని ఉత్తరం వచ్చింది.