నూటికి ఎన్ని?

నేను పంతులుగా నున్న దినములలో ఒక తండ్రి తన కుమారుని కొట్టి, వానిని నాయొద్దకు తీసికొనివచ్చెను. “అయ్యవారూ! వీడు తెలుగులో 60 మార్కులు తెచ్చి, లెక్కలలో 36 మాత్రమే తెచ్చినాడు” అని వాపోయెను. తెలుగు పత్రము 80 మార్కులకు, లెక్కల పత్రము 40 మార్కులకు అని యాయన చూడలేదు.

ఒకరు కుంచముతోను, మరియొకరు మానికతోను కొలిచిన ధాన్యమును సంఖ్యలు మాత్రమే చూచి పోల్చుదుమా? రెంటిని ఒకే కొలతకు తేవలెను. మార్కులకు ఆ కొలత నూరు. ఇది మన పూర్వులెరిగిన త్రైరాశికమే. 9వ శతాబ్దమునాటి మహావీరాచార్యుని గణితసారసంగ్రహమున దీనికి ప్రత్యేకముగా నొక యధ్యాయము కలదు. ఆ గ్రంథమును మన పావులూరి మల్లన తెనిగించెను.

విధానము సులభము. వచ్చిన మార్కులను నూటిచే గుణించి, పత్రపు మొత్తముచే భాగింపవలెను. 36ను 100చే గుణింప 3600. దానిని 40చే భాగింప 90. అట్లే 6000ను 80చే భాగింప 75. కనుక బాలుడు లెక్కలలోనే మిన్న!

మరియొక హెచ్చరిక. 90ని, 75ను కలిపి సగము చేసిన 82.5 వచ్చును. అది మొత్తముమీది శాతము కాదు. రెండు పత్రములలో వచ్చినవి 96, మొత్తము 120. కావున నూటికి 80 మాత్రమే. పత్రముల మొత్తములు సమానములైనప్పుడు ఆ సగటు చెల్లును.

ఈ లెక్క విని ఆ తండ్రి మాటలాడక కుమారుని తల నిమిరెను. తిన్న దెబ్బలు మాత్రము వెనుకకు రావు గదా! కావున మీ యింటి పిల్లలు మార్కులు చెప్పినప్పుడు ముందుగా “ఎన్నింటికి?” అని యడుగుడు.