యెల్లోస్టోన్‌కు రంగులద్దిన వలస పిల్లవాడు

కిందటి వేసవి సెలవుల్లో పులిహోర కట్టుకుని, పిల్లలతో యెల్లోస్టోన్ చూసి వచ్చాం. 308 అడుగుల లోయర్ ఫాల్స్ ముందు నిలబడి మా పెద్దవాడు, "నాన్నా, ఇది మనది కూడానా?" అని అడిగాడు. "గేటు దగ్గర డబ్బు కట్టాంగా!" అని నవ్వేశాం గాని, ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఇంటికొచ్చి లైబ్రరీ పుస్తకాలు తిరగేస్తే థామస్ మోరన్ కనిపించాడు.

మోరన్ 1837లో ఇంగ్లండులోని బోల్టన్‌లో పుట్టాడు. లాంకషైర్ మిల్లు గుడ్డ మన చేనేతను ఎలా దెబ్బ తీసిందో మనకు తెలుసు. ఆ మిల్లులే అక్కడి మగ్గాలనూ మూలపడేశాయి. మోరన్ తండ్రీ చేనేతగాడే. 1844లో, మోరన్‌కు ఏడేళ్ళప్పుడు, ఆ కుటుంబం అమెరికా చేరి ఫిలడెల్ఫియాలో స్థిరపడింది. కుర్రవాడు చెక్కమీద బొమ్మలు చెక్కే పనిలో చేరి, తర్వాత చిత్రకళకు మళ్ళాడు.

1871లో అప్పు చేసి, హేడెన్ సర్వే బృందంతో యెల్లోస్టోన్ వెళ్ళాడు. అంతకుముందు గుర్రమెక్కి ఎరగడు. జీను మీద దిండు వేసుకుని స్వారీ చేశాడట! వెంట వచ్చిన జాక్సన్ తీసిన ఫొటోలకు రంగులు లేవు. మోరన్ పెన్సిలుతో గీతలు గీసి, పలచగా నీటిరంగులు పూసి, ఏ రాయి ఏ రంగో పక్కన రాసుకున్నాడు. పసుపుపచ్చని లోయ గోడలు, నీలాల వేడినీటి గుంటలు అలా కాగితానికెక్కాయి.

అంతవరకు ఆ వింతలు కట్టుకథలని నవ్వినవారున్నారు. ఈ నీటిరంగుల బొమ్మలు, జాక్సన్ ఫొటోలు కాంగ్రెసు సభ్యులకు చూపించారు. 1872 మార్చి 1న ప్రెసిడెంటు గ్రాంట్ సంతకంతో యెల్లోస్టోన్ మొదటి నేషనల్ పార్కు అయింది. అదే ఏడు మోరన్ గీసిన పెద్ద తైలవర్ణ చిత్రాన్ని కాంగ్రెసు 10,000 డాలర్లకు కొన్నది. ఆయన తన సంతకంలో యెల్లోస్టోన్ పేరిట 'వై' అక్షరం కూడా కలుపుకున్నాడు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. షోషోని, క్రో, బానక్ ప్రజలు అంతకు ఎంతో ముందునుంచే ఆ నేల ఎరిగినవారు. పార్కు వచ్చాక వారికే అక్కడ చోటు కరువైంది.

ఇదంతా మావాడికి చెప్పాం. కాసేపు ఆలోచించి, "అయితే నేనూ గీస్తా" అన్నాడు. ఈసారి పులిహోరతోబాటు రంగుల పెట్టె కూడా సర్దుకుంటున్నాం. అటు వెళ్ళే సభ్యులూ పిల్లలకు ఒకటి కొనిపెట్టండి.