అడిలైడ్ గోడకి గానుగ సున్నం

అడిలైడ్‌లో నూరేళ్ళు దాటిన రాతి ఇల్లు కొన్నప్పుడు దాని అందం చూసి మురిసిపోయామే గానీ, కింద మూడడుగుల మేర గోడ చెమ్మగా ఉందన్నది పట్టించుకోలేదు. దీన్నిక్కడ "సాల్ట్ డ్యాంప్" అంటారు. మన ఊళ్ళలో ఉప్పు పట్టిన గోడ లేదూ, అదే.

నేలలోని నీరు, వత్తిలో నూనె ఎక్కినట్టు, గోడలోకి పాకుతుంది. తనతో ఉప్పునీ తెస్తుంది. నీరు ఆరిపోయాక ఉప్పు సన్నటి రంధ్రాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఆ ఒత్తిడికి రాయీ, సున్నమూ పిండిపిండిగా రాలిపోతాయి.

ఒక మేస్త్రీ మాట విని ఆ మూడడుగులూ సిమెంటు పూయించాను. రెండు చలికాలాలు తిరిగేసరికి చెమ్మ నాలుగున్నర అడుగులకి ఎక్కింది. అమ్మాయి గదిలో బూజు వాసన, రాత్రిళ్ళు దానికి దగ్గు. ఆ జూలైలో వచ్చిన నాన్నగారు గోడ తట్టి చూసి, "సున్నపు గోడకి సిమెంటు పూశావేంట్రా? తడి ఎటు పోవాలి?" అన్నారు. ఇంజనీరింగు చదివింది నేను! ఆయన చిన్నతనంలో మా ఊళ్ళో ఎద్దుల గానుగలో సున్నం, ఇసుక నూరి, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపేవారట. 1591 నాటి చార్మినారు కట్టిందీ సున్నంతోనే.

సున్నం పూత ఆవిరిని బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి చాలావరకు మూసేస్తుంది, తడి పైకి దారి వెతుక్కుంటుంది.

చలిని ఆపడానికి ఇప్పుడు సున్నంలో కార్కు పొట్టు గానీ, పెర్లైట్ గానీ కలిపి పూస్తున్నారు. పెర్లైట్ అంటే అగ్నిపర్వతపు గాజుని వేడిచేసి పేలాల్లా పొంగించినది. వాటిలో చిక్కుకున్న గాలే చలిని ఆపేది. కానీ కదలని గాలి కన్నా నీరు ఇరవై రెట్లకు పైగా వేడిని దాటిస్తుంది. తడి గోడ మీద ఈ పూత వెయ్యడం తడిసిన స్వెట్టరు తొడుక్కోవడమే. అమ్మేవాళ్ళు ఈ సంగతి కాస్త మెల్లగా చెబుతారు.

మీలో పాత ఇల్లు కొనే ఆలోచన ఉన్నవాళ్ళు ముందు చూరు నీళ్ళు ఎటు పోతున్నాయో, చెక్క నేల కింద గాలి ఆడే కంతలు మూసుకుపోయాయేమో చూడండి. మేం అవి బాగుచేయించి, సిమెంటు కొట్టించేసి, గోడ అడుగున రంధ్రాలు చేయించి నీటిని అడ్డే మందు పట్టించాం. పైన ఉత్త సున్నం పూశాం. ఈ పూత ఉండడానికి కాదు, గోడలోని ఉప్పుని తాగి రాలిపోవడానికి. రాలుతోంది కూడా. రోజూ ఊడవలేక మా ఆవిడ విసుక్కుంటోంది. ఈ చలికాలం చెమ్మ అడుగున్నరకి దిగింది. అమ్మాయి మంచం మాత్రం ఇంకా హాల్లోనే, పెర్లైట్ సంచులు గ్యారేజీలోనే ఉన్నాయి.