పైథాన్‌ను నిలబెట్టింది సులువొక్కటే కాదు

పైథాన్ ఇంతగా ఎందుకు వ్యాపించిందంటే, నేర్చుకోవడం తేలిక కాబట్టి అని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. అంతే తేలికైన భాష ఒకటి దానికి ముందే పుట్టి, పెద్దగా ఎవరికీ తెలియకుండానే మరుగున పడింది. దాని పేరు ఏబీసీ. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థ కంప్యూటర్ నిపుణులు కానివారి కోసం దాన్ని తయారుచేసింది. ఏయే వాక్యాలు ఒక గుంపో ఎడమ పక్క వదిలిన ఖాళీతోనే చూపించే పద్ధతి పైథాన్‌కు అక్కడి నుంచే వచ్చింది. అయితే ఏబీసీ గడప దాటని భాష. కంప్యూటర్‌లోని ఫైళ్లను నేరుగా అందుకోలేదు, బయటివాళ్లు దానికి కొత్త సామర్థ్యం జోడించే వీలూ లేదు. ఆ బృందంలో పనిచేసిన గీడో వాన్ రోసమ్ ఈ లోపాన్ని దగ్గరగా చూశాడు. 1989 క్రిస్మస్ సెలవుల్లో ఆయన మొదలుపెట్టిన పైథాన్‌లో ఏబీసీ సులువు ఉంది, దానితో పాటు సీ భాషలో రాసిన మాడ్యూళ్లను ఎవరైనా తెచ్చి తగిలించుకునే ఏర్పాటూ ఉంది. 1991 ఫిబ్రవరిలో సోర్స్ కోడ్‌ను అందరికీ ఇచ్చేశాడు.

పైథాన్ నెమ్మది భాష అన్న విమర్శ న్యాయమైనదే. రెండు విలువలను కూడే ప్రతిసారీ అవి అంకెలా, అక్షరాలా అని అప్పటికప్పుడు చూసుకుంటుంది కనుక, అదే పనిలో సీ కంటే చాలా వెనకబడుతుంది. కానీ ఆ లోటును పూడ్చింది కూడా బయటి మాడ్యూళ్లకు తెరిచిన ఆ తలుపే. లక్షల అంకెల లెక్కను నమ్‌పై అనే మాడ్యూల్ లోపల సీ కోడ్ చేస్తుంది, ఏ లెక్క చేయాలో చెప్పేది మాత్రం పైథాన్. 2019లో ప్రపంచం చూసిన మొదటి కృష్ణబిలం చిత్రం వెనుక నమ్‌పై పని ఉంది. కృత్రిమ మేధ రాకవల్లే పైథాన్‌కు దశ తిరిగిందనేవారూ ఉన్నారు. కానీ శాస్త్రవేత్తలు అంకెల లెక్కలకు దీన్ని 1990లలోనే వాడుకోవడం మొదలుపెట్టారు. కృత్రిమ మేధ వచ్చేసరికి పనిముట్లు సిద్ధంగా ఉన్నాయి. 1987లో వచ్చిన పెర్ల్ కూడా అందరికీ తెరిచిన భాషే కదా అంటే, అవును. అయితే ఇంకొకరు రాసిన పెర్ల్ కోడ్ చదివి అర్థం చేసుకోవడం కష్టం. సులువు, తలుపు రెండూ ఒకచోట కుదిరింది పైథాన్‌లోనే.

ఈ భాష దారిలో ఒక కుదుపూ ఉంది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3, పాత కోడ్ చాలావరకు పనిచేయకుండా చేసి ఎందరినో ఇబ్బంది పెట్టింది. పాత రూపమైన పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో గానీ ముగియలేదు. ఆ మార్పు అవసరమా అంటే, తెలుగువాళ్లం అవసరమనే చెప్పాలి. ‘తెలుగు’ అనే మాట పొడవెంత అని అడిగితే, యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో రాసిన ఆ మాటకు పైథాన్ 2 బైట్లు లెక్కపెట్టి 18 అనేది. పైథాన్ 3 ఎత్వాన్నీ కొమ్ములనూ విడిగా లెక్కించి 6 అంటుంది. మనకు అది 3 అక్షరాలే. ఆ జవాబు రావాలంటే అక్షర నియమాలు తెలిసిన మాడ్యూల్‌ను జోడించుకోవాలి. మన బడుల్లో, కాలేజీల్లో పైథాన్ నేర్పేవారు ఈ చిన్న అభ్యాసాన్ని విద్యార్థుల చేత తప్పక చేయించాలి.